చిన్న పడవలో ల్యాండింగ్ నెట్‌ను ఎక్కడ, ఎలా ఉంచుకోవాలి?

ల్యాండింగ్ నెట్ చేపలను పట్టే వల కాదు. గాలానికి చిక్కి పడవ పక్కదాకా వచ్చిన చేపను నీళ్లలోంచి పైకి తీసుకోవడానికి వాడే పొడుగు పిడి వల అది. చూడడానికి పెద్ద టీ వడపోత లాగా ఉంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వేట సాగించినా దానితో పని పడేది ఏ అయిదారు సార్లో, అదీ ఒక్కోసారి అర నిమిషం సేపు. మిగిలిన సమయమంతా అది పడవలో ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది. ఆ చోటేదో ముందుగా నిర్ణయించుకోనివాళ్లకు ఆ అర నిమిషంలోనే దాని విలువ తెలిసివస్తుంది.

నేను ఉండేది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన. లూయిస్‌విల్, రే రాబర్ట్స్, లావన్ జలాశయాలు ఇక్కడివారికి అందుబాటులో ఉంటాయి. నా పడవ 14 అడుగుల అల్యూమినియం జాన్ బోటు, అంటే అడుగు చదునుగా ఉండే చిన్న పడవ. అమ్మేవాళ్లు దీన్ని 1436 అంటారు. అంటే పొడవు 14 అడుగులు, అడుగుభాగం వెడల్పు 36 అంగుళాలు. అడ్డంగా మూడు బల్లలు, వెనక పిడి పట్టుకుని చేత్తో తిప్పే మోటారు, ముందు బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటారు ఉంటాయి. మన పడవవాళ్లు ముందు కొసను అణియమనీ వెనక కొసను అమరమనీ అంటారు. అంత చక్కని మాటలు ఉండగా వేరేవి వెతకడమెందుకని ఇక్కడ వాటినే వాడుతున్నాను.

ఒక మార్చి నెల ఉదయం రే రాబర్ట్స్‌లో నేను అమరంలో, మా బావమరిది అణియంలో కూర్చుని ఉన్నాము. నా గాలానికి మంచి బాస్ చేప ఒకటి తగిలి, రెండు మూడు సార్లు లోతుకు పోయి, చివరికి అలసి పడవ పక్కన పొట్ట చూపించింది. “నెట్టు అందుకోరా” అన్నాను. “ఎక్కడుంది బావా?” అన్నాడు. చలి తగ్గాక విప్పి పడేసిన రెండు జాకెట్ల కింద అది ఉంది. జాకెట్లు తీసి వల లాగితే దానితోపాటు నా రెండో రాడ్డు (గాలం కర్ర) కూడా లేచి వచ్చింది, ఎందుకంటే ఆ రాడ్డుకు కట్టిన బొమ్మ ఎర కొక్కేలు రెండూ వల కన్నుల్లో దిగబడి ఉన్నాయి. మేమిద్దరం ఆ చిక్కు చూస్తూ ఉండగానే చేప ఒక్కసారి తల విదిల్చి వెళ్లిపోయింది. చచ్చిన గేదెకు పాలెక్కువ అంటారు కాబట్టి దాని బరువు గురించి నేను ఏమీ చెప్పను.

ఆ రోజు నుంచి వల విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పడవలో ఖాళీ ఎక్కడుందో చూసి వలను పెట్టకూడదు. దానితో పనిపడిన క్షణంలో చెయ్యి ఎక్కడ ఉంటుందో చూసి పెట్టాలి. కూర్చున్నచోటి నుంచి లేవకుండా, ఒక్క చేత్తో, కళ్లు చేప మీద నుంచి తిప్పకుండా అందుకోగలిగితే ఆ చోటు సరైనది. కింద చెప్పే దశలన్నీ ఈ పరీక్షలో నెగ్గడం కోసమే.

మొదటి దశ: ఖాళీగా ఉండే చెయ్యి ఏదో తెలుసుకోవడం

పడవను నీళ్లలోకి దింపకముందే, ఇంటి ముందు ట్రైలర్ మీద ఉండగానే ఈ పని చేయవచ్చు. మీరు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, రాడ్డు పట్టుకుని, చేప దగ్గరకు వచ్చిందనుకుని రాడ్డును పైకెత్తండి. కుడిచేతివాటం ఉన్నవాళ్లలో కూడా స్పిన్నింగ్ రీలు (దారం చుట్టే చక్రం రాడ్డు కింద వేలాడే రకం) వాడేవాళ్ల రాడ్డు సాధారణంగా కుడిచేతిలోనే ఉంటుంది. బెయిట్‌కాస్టింగ్ రీలు (చక్రం రాడ్డు పైన ఉండే రకం) వాడేవాళ్లలో చాలామంది ఎర విసిరాక రాడ్డును ఎడమచేతికి మార్చుకుంటారు. అందువల్ల వలను అందుకునే చెయ్యి ఏదో ఊహించి చెప్పడం కుదరదు, చేసి చూడవలసిందే. ఆ ఖాళీ చేతిని కళ్లు మూసుకుని పక్కకు చాపితే అది పడవ అంచు మీద ఎక్కడ తగులుతుందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి.

ఇద్దరు కలిసి వెళ్లే పడవలో లెక్క మారుతుంది. చేపతో పెనుగులాడేది ఒకరైతే వల పట్టేది రెండోవారు కాబట్టి, రెండోవారి చేతికి కూడా అది అందాలి. అందుకే నా పడవలో వల మెడ, అంటే పిడి వచ్చి చట్రంతో కలిసే భాగం, మధ్య బల్లకూ వెనక బల్లకూ నడుమ ఉండేటట్టు చూసుకున్నాను. అణియంలో ఉన్న మనిషి ఒక్క అడుగు వెనక్కి జరిగితే అందుతుంది, అమరంలో ఉన్న నాకు కూర్చునే అందుతుంది. ఎక్కువసార్లు ఒంటరిగా వెళ్లేవాళ్లు ఈ సర్దుబాటు పెట్టుకోకుండా తమ చేతికే దగ్గరగా పెట్టుకోవడం మంచిది.

రెండో దశ: కొలతలు

వల మొత్తం పొడవును పిడి ముడిచినప్పుడు ఒకసారి, చాచినప్పుడు ఒకసారి కొలవాలి. నా వల చట్రం 17 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల పొడవు; పిడి ముడిస్తే 24 అంగుళాలు, చాస్తే 48. అంటే ముడిచి పెట్టినప్పుడు మొత్తం 43 అంగుళాల చోటు కావాలి. తర్వాత బల్లకూ బల్లకూ మధ్య దూరం, పడవ లోపలి గోడ ఎత్తు కొలవాలి. చట్రం వెడల్పు కంటే గోడ ఎత్తు ఎక్కువైతే వలను గోడకు ఆనించి నిలువుగా ఉంచవచ్చు, నేల మీద ఒక్క అంగుళం కూడా ఆక్రమించదు. వలను కొనకముందే ఈ కొలతలు తీసుకుంటే మరీ మేలు. దుకాణంలో ముచ్చటగా కనిపించిన పెద్ద చట్రం చిన్న పడవలో ఎక్కడ పెట్టినా కాలికి అడ్డమే అవుతుంది. అట్టపెట్టె ముక్కను చట్రం ఆకారంలో కత్తిరించి పడవలో పెట్టి, దాని చుట్టూ నాలుగడుగులు తిరిగి చూస్తే సంగతి తేలిపోతుంది.

మూడో దశ: చోటును ఎంచుకోవడం

అందరూ మొదట పెట్టేది నేల మీదనే, అన్నిటికంటే పనికిరానిదీ అదే. అడుగున చేరిన నీళ్లలో వల నానుతుంది, కాళ్ల కింద పడి చట్రం వంగుతుంది, జారిపోయిన ప్రతి కొక్కెమూ అందులోకే చేరుతుంది. పైగా చిన్న పడవలో కాలికి వల చుట్టుకుని తూలితే మనిషి నీళ్లలో పడినా ఆశ్చర్యం లేదు.

రాడ్డు హోల్డరులో పిడిని గుచ్చి నిలబెట్టడం ఇంకొక పద్ధతి. చేతికి ఇంతకంటే సులువుగా అందే చోటు లేదు. కానీ ఎర విసరడానికి రాడ్డును వెనక్కి తీసినప్పుడల్లా దారం దానికి తగులుతుంది, గాలికి వల సంచి జెండాలా కొట్టుకుంటుంది, మునిగిన చెట్ల మోళ్లు ఉన్నచోట్ల, ముఖ్యంగా లేక్ ఫోర్క్ వంటి జలాశయాల్లో, కొమ్మలకు చిక్కుకుంటుంది. లంగరు వేసి ఒకేచోట క్యాట్‌ఫిష్ కోసం కూర్చునేవాళ్లకు మాత్రం ఇది బాగానే ఉంటుంది.

నేను సిఫారసు చేసేది పడవ లోపలి గోడ వెంబడి, అంచుకు కొంచెం దిగువన, అడ్డంగా ఉంచడం. చట్రం అమరం వైపు, పిడి కొస అణియం వైపు ఉండాలి. పడవ వేగంగా పోతున్నప్పుడు గాలి ముందు నుంచి వస్తుంది కాబట్టి సంచి వెనక్కి ఒదిగి ఉంటుంది. అయితే చట్రం మోటారు దాకా పోకూడదు. వల అంచు దాటి వేలాడితే పంకా రెక్కలకు చుట్టుకుంటుంది, మోటారు పిడికి తగులుకుంటే పడవ తిప్పడం కష్టమవుతుంది. చట్రానికీ మోటారుకూ మధ్య ఒక మూర దూరం తప్పక ఉండాలి.

మడత చట్రపు వలలూ దొరుకుతాయి. చోటు కలిసివచ్చే మాట నిజమే కానీ, కీళ్లలో ఇసుక, చేప జిగురు చేరితే సమయానికి తెరుచుకోవు. కయాక్ అనే సన్నని తెడ్డు పడవలో వెళ్లేవాళ్లకు వేరే దారి లేదు, బల్లలున్న పడవకు అంత అవసరం లేదు.

నాలుగో దశ: పట్టు అమర్చడం

దీనికి కావలసినవి రెండే. ఒకటి, పిడి కొస దూరేంత లావున్న పీవీసీ గొట్టం ముక్క. నా పిడికి నురుగు తొడుగుతో కలిపి ఒకటిన్నర అంగుళాల వ్యాసం ఉంది కనుక 2 అంగుళాల గొట్టం తీసుకుని 6 అంగుళాల ముక్క కోశాను. రెండోది, గోడకు చీపురు తగిలించుకునే రబ్బరు పళ్ల క్లిప్పు. గొట్టంలో పిడి కొస దూరుతుంది, క్లిప్పులో మెడ కూర్చుంటుంది. తీసేటప్పుడు మెడ పట్టుకుని పైకి లేపి, వెనక్కి 6 అంగుళాలు లాగితే వల చేతిలోకి వస్తుంది. గొట్టం అంతకంటే పొడుగైతే లాగే దూరం పెరుగుతుంది, పొట్టిదైతే అలల కుదుపుకు పిడి జారిపోతుంది.

గొట్టం కోసిన అంచులను గరుకు కాగితంతో నునుపు చేయాలి, లేకపోతే పిడి తొడుగు నెలరోజుల్లో చిరుగుతుంది. నీళ్లు నిలవకుండా గొట్టం అడుగు వైపున రెండు బెజ్జాలు వేయాలి. బిగించడానికి ముందు ప్లాస్టిక్ జిప్ టైలతో తాత్కాలికంగా కట్టి, రెండు మూడు సార్లు వేటకు వెళ్లి, చోటు నచ్చాకనే మరమేకులో బోల్టులో వాడండి. నేను తొందరపడి మొదటి రోజే బెజ్జాలు వేసి, తర్వాత నాలుగు అంగుళాలు ముందుకు జరపవలసి వచ్చింది. ఆ పాత బెజ్జాలకు పూసిన సీలెంటు మచ్చలు ఇప్పటికీ నన్ను వెక్కిరిస్తూనే ఉన్నాయి.

బెజ్జం వేసే విషయంలో మూడు జాగ్రత్తలున్నాయి. నీటిమట్టానికి కిందికి వచ్చే భాగంలో ఎన్నడూ వేయరాదు. ఇలాంటి పడవల్లో బల్లల లోపల సాధారణంగా తేలిక నురుగు నింపి ఉంటుంది. పడవలో నీళ్లు నిండినా అది పూర్తిగా మునగకుండా ఆపేది ఆ నురుగే కాబట్టి బల్లలను తొలవకూడదు. ఇక స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు నేరుగా అల్యూమినియానికి తగులుతూ తడిలో ఉంటే అల్యూమినియమే తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు వేసి, బెజ్జానికి మెరైన్ సీలెంటు పూయాలి. గాల్వెస్టన్ వైపు ఉప్పునీటికి వెళ్లేవాళ్లు ఈ చివరి జాగ్రత్తను అసలే మరచిపోకూడదు.

కొక్కేల బంజీ తాడుతో వలను కట్టేయడం చాలామంది చేసే పని. అది తెగినా జారినా ఇనుప కొక్కెం నేరుగా ముఖం మీదికి వస్తుంది. ఒక చేత్తో విప్పగలిగే వెల్క్రో పట్టీ చాలు.

అయిదో దశ: వల సంచిని అదుపులో పెట్టడం

పిడికీ చట్రానికీ చోటు దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. అసలు చిక్కు తెచ్చేది కిందికి వేలాడే సంచి. దానికి నాకు తెలిసినంతలో ఉత్తమ సాధనం బట్టలు ఆరేసే క్లిప్పు. సంచి అడుగును చేత్తో పోగుచేసి, పిడి వెంబడి లాగి, చట్రానికి జానెడు దూరంలో పిడికి కలిపి క్లిప్పు పెట్టాలి. ఇప్పుడు సంచి బిగువుగా ఉంటుంది, దేనికీ తగులుకోదు. వలను నీళ్లలో దింపి చేప లోపలికి రాగానే ఆ బరువుకు క్లిప్పు తనంతట తానే జారి సంచి వదులవుతుంది. బలమైన కొత్త క్లిప్పు పనికిరాదు. దండెం మీద ఏడాది ఎండి స్ప్రింగు కొంచెం సడలిన పాతది కావాలి. ఇంట్లోనే సంచిలో కిలో బియ్యం పొట్లం వేసి చూడండి, క్లిప్పు వదలకపోతే ఇంకొకటి వెతకండి. క్లిప్పుకు సన్నని దారం కట్టి పిడికి ముడివేస్తే నీళ్లలో పడిపోదు.

వల దేనితో చేసిందన్నది కూడా భద్రపరచడంలో భాగమే. ముడులున్న పాతరకం నైలాన్ వలలో కొక్కేలు ఇట్టే దిగుతాయి, చేప ఒంటి మీది జిగురు పొర కూడా ఊడిపోతుంది. తిరిగి వదిలేయవలసిన చేపకు అది మంచిది కాదు; లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న లార్జ్‌మౌత్ బాస్‌ను వదిలేయడం నియమం కాబట్టి ఇది ఊరికే చెప్పే మాట కాదు. రబ్బరు పూసిన, ముడులు లేని వల అయితే కొక్కెం దిగినా సులువుగా వస్తుంది, త్వరగా ఆరుతుంది. పూర్తి రబ్బరు వల ఇంకా మెరుగే గానీ బరువెక్కువ, చీపురు క్లిప్పు దాన్ని ఆపలేకపోవచ్చు. అలాంటప్పుడు రెండు క్లిప్పులు పెట్టుకోవాలి.

ఆరో దశ: రాడ్డులను దూరం పెట్టడం

వల ఒక గోడకు, రాడ్డులు ఎదుటి గోడకు. ఇందులో మినహాయింపు పెట్టుకోకండి. మూడేసి ముళ్ల కొక్కేలున్న బొమ్మ ఎర రెండు అడుగుల దూరంలో ఉన్నా, పడవ నాలుగుసార్లు ఊగేసరికి వలను వెతుక్కుంటూ వస్తుంది. వాడని రాడ్డుల ఎరలకు తొడుగులు వేయడం లేదా ఎరను విప్పి పెట్టెలో పెట్టడం ఇంకా మంచి అలవాటు. ఎంత జాగ్రత్తపడినా కొక్కెం వలలో దిగితే లాగవద్దు. లాగినకొద్దీ రెండో ముల్లు కూడా దిగుతుంది. ముందు ఎరను దారం నుంచి కోసి విడదీసి, తర్వాత తీరిగ్గా ముక్కుపట్టకారుతో ఒక్కొక్క ముల్లే వెనక్కి తీయాలి. మరీ మొండికేస్తే వల కన్ను ఒకటి తెంపేయడమే నయం.

ఏడో దశ: బ్యాటరీ, పెట్రోలు, లైఫ్ జాకెట్లు

వల చట్రం, పిడి చాలావరకు అల్యూమినియంవే. ట్రోలింగ్ మోటారు బ్యాటరీ టెర్మినళ్లు తెరిచి ఉండగా వల రెండింటి మీదా అడ్డంగా పడితే షార్ట్ సర్క్యూట్ అయి నిప్పురవ్వలు లేస్తాయి, పెట్రోలు డబ్బా కూడా అదే పడవలో ఉంటుందన్న సంగతి మరవకూడదు. బ్యాటరీని మూత ఉన్న పెట్టెలో ఉంచి పట్టీ బిగించండి. పిడి కింద పెట్రోలు గొట్టం నలగకుండా, మంటలార్పే సిలిండరుకు వల అడ్డు రాకుండా చూసుకోండి. లైఫ్ జాకెట్లను వల వెనక దూర్చకండి. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ తొడుక్కునే ఉండాలి; పెద్దలవి కూడా తక్షణం అందేచోట ఉండాలి.

వల నీళ్లలో పడితే తేలుతుందా లేదా అన్నది స్నానాల తొట్టెలోనే తేల్చుకోండి. చాలా వలలు మునుగుతాయి. పిల్లలు ఈతకొలనులో వాడే నురుగు గొట్టాన్ని జానెడు కోసి పిడికి తొడిగితే సరిపోతుంది, కాకపోతే పీవీసీ గొట్టంలో దూరని చోట తొడగాలి. తాడుతో వలను పడవకు కట్టేయడం నాకు నచ్చదు, చేప హడావుడిలో ఆ తాడు కాలికే చుట్టుకుంటుంది.

ఇవన్నీ అమర్చాక ఒక సాయంత్రం ఇంటి ముందే పది సార్లు సాధన చేయండి. మెడ పట్టి లేపడం, వెనక్కి లాగడం, పిడి చాచి మీట టక్కున పడేదాకా తిప్పడం, మళ్లీ యథాస్థానంలో పెట్టడం. ఇరుగుపొరుగు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

ఎనిమిదో దశ: దారిలో, ఇంటి దగ్గర

పడవను ట్రైలర్ మీద లాక్కువెళ్లేటప్పుడు వల పడవలో ఉండకూడదు. హైవే వేగానికి సంచిలో గాలి నిండి ఏ క్లిప్పూ ఏ పట్టీ ఆగవు, వెనక వచ్చే కారు అద్దం మీద పడితే ప్రమాదం. కారులో వెనక సీటు కింద పెట్టుకోండి. అయితే వేసవిలో రోజుల తరబడి కారులోనే వదిలేస్తే ఆ వేడికి రబ్బరు పూత పాడవుతుంది, వాసన సంగతి ఇక వేరే చెప్పనక్కరలేదు.

వలను కడిగి ఆరబెట్టడానికి ఈ ప్రాంతంలో ఇంకొక కారణం కూడా ఉంది. జీబ్రా మసెల్ అనే చిన్న గుల్ల జీవి టెక్సస్‌లో మొదట 2009లో టెక్సోమా జలాశయంలో కనబడింది, 2012లో రే రాబర్ట్స్‌కు చేరింది. నీటి గొట్టాలను పూడ్చివేసేంతగా పెరిగే ఈ గుల్లల పిల్లలు కంటికి కనబడవు. తడి వలలో, పడవ అడుగు నీటిలో కూర్చుని ఒక చెరువు నుంచి ఇంకొక చెరువుకు ప్రయాణిస్తాయి. 2014 జూలై నుంచి రాష్ట్రమంతటా పడవల నీటిని ఒడ్డునే పారబోయడం చట్టప్రకారం తప్పనిసరి. కాబట్టి ఒడ్డుకు రాగానే వలలో చిక్కిన నాచు, ఆకులు ఏరేసి, గట్టిగా విదిలించి, పీవీసీ గొట్టంలోని నీళ్లు కూడా వంచేయాలి. ఇంటికి వచ్చాక మంచినీళ్లతో కడిగి, ఇంకొక జలాశయానికి తీసుకుపోవాలంటే కనీసం వారం రోజులు పూర్తిగా ఆరనివ్వాలి.

గోదావరి ఒడ్డున వలలను వెదుళ్ల మీద ఆరేయడం చిన్నప్పుడు చూసినవాళ్లకు ఆరబెట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. మొదటి గంట ఎండ తగిలితే తడి వాసన పోతుంది. ఆ తర్వాత నీడకు మార్చాలి, ఎందుకంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు నైలాన్ బలం తగ్గుతుంది. గ్యారేజీ గోడకు రెండు లావు మేకులు కొట్టి చట్రాన్ని వాటి మీద తగిలించండి, పిడి కిందికి ఉండాలి, సంచి ఏ బరువూ లేకుండా వదులుగా వేలాడాలి. సంచి పట్టుకుని తగిలిస్తే పిడి బరువంతా వల కన్నుల మీద పడి అవి సాగిపోతాయి. పక్కన పెట్రోలు, బ్యాటరీ, ఎలుకల మందు అవసరమయ్యే మూలలు ఉండకుండా చూసుకోండి. చేప వాసన తగిలిన వల అంటే ఎలుకలకు మహా ఇష్టం.

చలికాలం పోయి మళ్లీ వేట మొదలుపెట్టే ముందు, చట్రానికి వల కట్టిన అంచు వెంబడి బొటనవేలితో నొక్కుతూ ఒక చుట్టు చూడండి. మొదట తెగేది ఎప్పుడూ అక్కడే, అల్యూమినియం అంచు రాపిడికి. రబ్బరు వేలికి జిగురుగా అంటుకున్నా, దారం పొడిపొడిగా రాలినా సంచి మార్చే కాలం వచ్చింది. చాలా వలలకు సంచి విడిగా దొరుకుతుంది. కొనేటప్పుడు చట్రం చుట్టుకొలతతోపాటు సంచి లోతు కూడా పాతదానితో సరిచూసుకోండి, లోతు రెండంగుళాలు పెరిగినా గోడకు ఆనించిన వల కింది నీళ్లను తాకుతుంది.